పేరును తోక నుంచి చదవండి, హైడ్రోజన్లు ఆఖరున వేయండి

ఇంటర్ పిల్లలకి ఆర్గానిక్ కెమిస్ట్రీలో మార్కులు పోయేది రియాక్షన్ల దగ్గరని అందరూ అనుకుంటారు. ఏళ్ల తరబడి పేపర్లు దిద్దిన దాన్ని కాబట్టి చెప్తున్నాను, అంతకంటే ముందే పోతున్నాయి. రియాక్షన్ కంఠతా వచ్చి ఉంటుంది, బాణం మీద కారకం కూడా సరిగ్గానే ఉంటుంది. కానీ మొదట్లో రాసిన పదార్థమే తప్పు. ప్రశ్నలో పేరు ఒకటి, పేపర్లో ఫార్ములా ఇంకొకటి. ఎక్కడో ఒక కార్బన్‌కి అయిదు బంధాలుంటాయి, లేదా ఒక హైడ్రోజన్ మాయమై ఉంటుంది.

దీనికి మందు ఫార్ములాలు బట్టీ పట్టడం కాదు. ఐయూపీఏసీ (పదార్థాలకి పేర్లు పెట్టే నియమాలు చేసే అంతర్జాతీయ సంస్థ) పేరులోనే ఏం రాయాలో, ఏ వరసలో రాయాలో అంతా ఉంది. చదవడం తెలిస్తే ఎప్పుడూ వినని పదార్థానికి కూడా ఫార్ములా రాయొచ్చు.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో ఫార్ములాలు నేను క్లాసులో పైకి చదివినట్టే తెలుగులో రాస్తున్నాను. సీహెచ్₃ అంటే ఒక కార్బన్, దానికి మూడు హైడ్రోజన్లు. ఓహెచ్, సీఓఓహెచ్ కూడా అంతే, ఓ అంటే ఆక్సిజన్, ఎన్ అంటే నత్రజని. పరీక్షలో మాత్రం మీకు అలవాటైన గుర్తులే రాయండి. నా దగ్గరికొచ్చే పిల్లల చేత ఏ ఫార్ములా అయినా ముందు నోటితో చెప్పించి తర్వాతే రాయిస్తాను. కుదించిన నిర్మాణ ఫార్ములా గొప్పతనం అదే, ఒక్క వరసలో ఇమిడిపోతుంది కాబట్టి ఫోన్లో కూడా చెప్పేయొచ్చు.

అసలు కుదించడం ఎందుకు? అణు ఫార్ములా చాలదు కాబట్టి. సీ₄హెచ్₁₀ఓ అని రాస్తే ఏ పదార్థమో తేలదు, ఆ అణు ఫార్ములాతో ఏడు ఉన్నాయి: నాలుగు ఆల్కహాళ్లు, మూడు ఈథర్లు. పోనీ ప్రతి బంధానికీ గీత గీసి పూర్తి నిర్మాణం వేద్దామంటే పేజీ చాలదు, సమయమూ చాలదు. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నది ఇది. ఏ కార్బన్ పక్కన ఏ కార్బన్ ఉందో, దేనికి ఏం తగులుకుందో చెప్తుంది, హైడ్రోజన్లని మాత్రం వాటి కార్బన్ పక్కనే మూట కట్టేస్తుంది.

ఇక పని మొదలుపెడదాం. పేరు: 4-మిథైల్‌పెంటాన్-2-ఓల్.

చాలామంది ఎడమ నుంచి చదువుతారు. "నాలుగు, మిథైల్..." అని మొదలుపెట్టి, ఇంకా గొలుసు వేయకుండానే మిథైల్ ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంటారు. తోక నుంచి రండి. తోక "ఓల్", అంటే ఓహెచ్ ఉంది. దాని ముందు 2, అంటే రెండో కార్బన్ మీద. దాని ముందు "పెంటాన్", అయిదు కార్బన్లు, అన్నీ ఒంటి బంధాలే. ఆఖరున 4-మిథైల్, నాలుగో కార్బన్ మీద ఒక సీహెచ్₃.

ఇప్పుడు కాగితం మీద ఎముకలు మాత్రమే వేయండి:

సీ–సీ–సీ–సీ–సీ

పెన్సిల్‌తో పైన 1 నుంచి 5 వరకు అంకెలు వేయండి. ఈ అంకెలు వేయడానికి బద్ధకించే పిల్లలే ఎక్కువ తప్పులు చేస్తారు. తర్వాత తగిలించాల్సినవి తగిలించండి:

సీ–సీ(ఓహెచ్)–సీ–సీ(సీహెచ్₃)–సీ

ఇంతవరకు గొలుసులో ఒక్క హైడ్రోజన్ కూడా వేయలేదు, గమనించండి. ఇప్పుడు వేద్దాం. కార్బన్‌కి నాలుగు చేతులు. మొదటి కార్బన్ ఒక చేత్తో పక్కవాణ్ణి పట్టుకుంది, మిగిలినవి మూడు, కాబట్టి సీహెచ్₃. రెండోదానికి అటు ఒక కార్బన్, ఇటు ఒక కార్బన్, పైన ఓహెచ్. మిగిలింది ఒకటి, సీహెచ్. మూడోదానికి రెండు చేతులు ఖాళీ, సీహెచ్₂. నాలుగోది సీహెచ్. అయిదోది సీహెచ్₃.

సీహెచ్₃–సీహెచ్(ఓహెచ్)–సీహెచ్₂–సీహెచ్(సీహెచ్₃)–సీహెచ్₃

పద్ధతి మొత్తం ఇంతే. తోక, ఎముకలు, అంకెలు, తగిలింపులు, ఆఖరున హైడ్రోజన్లు. ఈ వరస మారిందా, తప్పు ఖాయం. పెంటేన్ అనగానే చెయ్యి అలవాటుగా సీహెచ్₃–సీహెచ్₂–సీహెచ్₂–సీహెచ్₂–సీహెచ్₃ అని రాసేస్తుంది. ఆ తర్వాత సీహెచ్₂ మీద ఓహెచ్ పెట్టి, ఒక హైడ్రోజన్ తీసేయడం మరిచిపోతారు. అయిదు చేతుల కార్బన్లు పుట్టేది ఇలాగే.

ఎన్ని కార్బన్లో చెప్పే ముక్కలు పది వస్తే చాలు: మిథ్ ఒకటి, ఇథ్ రెండు, ప్రొప్ మూడు, బ్యూట్ నాలుగు, పెంట్, హెక్స్, హెప్ట్, ఆక్ట్, నాన్, డెక్. నూనెల దగ్గరికి వెళ్తే హెక్సాడెక్ పదహారు, ఆక్టాడెక్ పద్దెనిమిది. పాత పుస్తకాల్లో 2-బ్యూటనాల్ అనీ కొత్త పుస్తకాల్లో బ్యూటాన్-2-ఓల్ అనీ ఉంటుంది, రెండూ ఒకటే. అంకెని అది ఏ ముక్కకి చెందుతుందో దాని ముందే పెట్టమని ఐయూపీఏసీ తర్వాత చెప్పింది. మనకి అది మేలే, తోక నుంచి చదివేవాళ్లకి అంకె సరిగ్గా చేతికందుతుంది. అసలు ఇలా ఒక క్రమం పెట్టాలని 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. ఐయూపీఏసీ 1919లో వచ్చింది. అంతకు ముందు పదార్థం ఎక్కడ దొరికితే ఆ పేరు. చీమల ఆమ్లం, వెన్న ఆమ్లం అని ఉండేవి.

ద్విబంధం (పేరులో "ఈన్") ఉంటే లెక్కలో మార్పేమీ లేదు, దానికి రెండు చేతులు పోతాయి, త్రిబంధానికి (పేరులో "ఐన్") మూడు. సహజ రబ్బరుకి మూలమైన ఐసోప్రీన్ తీసుకోండి. దాని పేరు 2-మిథైల్‌బ్యూటా-1,3-డైఈన్. తోక డైఈన్, రెండు ద్విబంధాలు, ఒకటి 1 దగ్గర మొదలవుతుంది, ఇంకొకటి 3 దగ్గర.

సీ=సీ(సీహెచ్₃)–సీ=సీ

రెండో కార్బన్ చూడండి. ద్విబంధానికి రెండు, మిథైల్‌కి ఒకటి, పక్కదానికి ఒకటి. చేతులు నిండిపోయాయి, హైడ్రోజన్ లేదు. పిల్లలు అలాంటి బోడి కార్బన్‌ని చూసి భయపడి ఏదో ఒక హెచ్ తగిలిస్తారు. వద్దు.

సీహెచ్₂=సీ(సీహెచ్₃)–సీహెచ్=సీహెచ్₂

తోకల్లో మన తెలుగు పిల్లలకి ప్రత్యేకంగా వచ్చే చిక్కొకటి ఉంది. ఆల్కహాల్ తోక "ఓల్", ఆల్డిహైడ్ తోక "ఆల్". మనం రెంటినీ ఇథనాల్ అనే పలుకుతాం. పెట్రోల్లో కలిపేదీ ఇథనాల్, ఆల్డిహైడూ ఇథనాల్. టీచర్ పైకి చదివి రాయించిందంటే సగం క్లాసు సీహెచ్₃–సీహెచ్₂–ఓహెచ్ రాస్తుంది, మిగతా సగం సీహెచ్₃–సీహెచ్‌ఓ రాస్తుంది. నేను క్లాసులో ఎబ్బెట్టుగా ఉన్నా సరే ఇథనోల్, ఇథనాల్ అని విడదీసి పలికేదాన్ని. ప్రశ్నపత్రంలో అచ్చు మీద ఉన్నదాన్ని అక్షరం అక్షరం చూడండి.

ఆల్డిహైడ్ తోకని సీహెచ్‌ఓ అనే రాయాలి, సీఓహెచ్ అని కాదు. సీఓహెచ్ అంటే చదివేవాళ్లు దాన్ని ఆల్కహాల్ అనుకుంటారు. కీటోన్ తోక "ఓన్", అది గొలుసు మధ్యలో సీఓ అవుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో వాడే ప్రొపనోన్ సీహెచ్₃–సీఓ–సీహెచ్₃.

ఇక్కడ అన్నిటికంటే ఎక్కువమంది బోల్తా పడే సంగతి: తోకలో ఉన్న కార్బన్ లెక్కలోకి వస్తుందా రాదా? ఆల్, ఓన్, ఓయిక్ ఆమ్లం, అమైడ్, నైట్రైల్ – వీటన్నిటిలో వస్తుంది. బ్యూటనోయిక్ ఆమ్లం అంటే సీఓఓహెచ్‌తో కలిపి నాలుగు:

సీహెచ్₃–సీహెచ్₂–సీహెచ్₂–సీఓఓహెచ్

నాలుగు కార్బన్లు వేసి, ఆపైన సీఓఓహెచ్ తగిలిస్తే అది పెంటనోయిక్ అయిపోతుంది. ప్రొపేన్‌నైట్రైల్ కూడా అంతే: సీహెచ్₃–సీహెచ్₂–సీఎన్, ఆ సీఎన్‌లోని సీ మూడోది. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. పేరులో "కార్బాక్సిలిక్ ఆమ్లం" అని పూర్తిగా ఉంటే ఆ కార్బన్ గొలుసులోది కాదు, అదనం. ఎందుకో మన వంటింటి పులుపుల్లోనే తెలుస్తుంది.

పెరుగు పులుపు లాక్టిక్ ఆమ్లంది. పేరు 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం. మూడు కార్బన్లు, ఒకటోది సీఓఓహెచ్, రెండోదాని మీద ఓహెచ్.

సీహెచ్₃–సీహెచ్(ఓహెచ్)–సీఓఓహెచ్

ఓహెచ్ ఇక్కడ తోకలో లేదు చూశారా, హైడ్రాక్సీ అని ముందుకెళ్లింది. ఆమ్లం ఉన్న చోట ఆల్కహాల్‌కి తోక పదవి దక్కదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, 2,3-డైహైడ్రాక్సీబ్యూటేన్‌డైఓయిక్ ఆమ్లం. రెండు కొసలా ఆమ్లమే:

హెచ్ఓఓసీ–సీహెచ్(ఓహెచ్)–సీహెచ్(ఓహెచ్)–సీఓఓహెచ్

ఎడమ కొసన హెచ్ఓఓసీ అని తిప్పి రాశాను. గొలుసుని పట్టుకున్నది కార్బన్ కాబట్టి కార్బన్ లోపలి వైపు ఉండాలి. ఎడమ చివర ఆల్డిహైడ్ వస్తే ఓహెచ్‌సీ, అమైన్ వస్తే హెచ్₂ఎన్, ఆల్కహాల్ వస్తే హెచ్ఓ. దిద్దేవాళ్లు కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు, నేను వదిలేదాన్ని కాదు.

నిమ్మకాయలోది సిట్రిక్ ఆమ్లం, 2-హైడ్రాక్సీప్రొపేన్-1,2,3-ట్రైకార్బాక్సిలిక్ ఆమ్లం. మూడు ఆమ్ల సమూహాలు మూడు వేర్వేరు కార్బన్ల మీద ఉన్నాయి. మధ్యలోది కొమ్మ మీద ఉంది, దాన్ని ప్రధాన గొలుసులో కలుపుకోలేం. అందుకే మూడింటినీ సమానంగా చూసి, ప్రొపేన్ అనే మూడు కార్బన్ల మీద తగిలించినట్టు పేరు పెట్టారు. మూడు ఎముకలు వేసి ఒక్కోదానికి ఒక సీఓఓహెచ్ పెడితే మొత్తం ఆరు కార్బన్లు.

హెచ్ఓఓసీ–సీహెచ్₂–సీ(ఓహెచ్)(సీఓఓహెచ్)–సీహెచ్₂–సీఓఓహెచ్

మధ్య కార్బన్ పక్కన రెండు బ్రాకెట్లు వరసగా వచ్చాయి. రెండూ ఆ కార్బన్‌వే.

అంకెలు ఎటు నుంచి వేయాలి? తోక సమూహం ఉన్న వైపు నుంచి. 3-హైడ్రాక్సీబ్యూటనాల్ (చివర ఆల్, ఓల్ కాదు) రాయమంటే చాలామంది సీహెచ్‌ఓ కుడివైపు పెట్టి, అంకెలు మాత్రం ఎడమ నుంచి లెక్కపెట్టి, ఓహెచ్‌ని సీహెచ్‌ఓ పక్కన పెట్టేస్తారు. సీహెచ్‌ఓలోదే ఒకటో నంబరు. కుడివైపు పెడితే అంకెలు కుడి నుంచే నడవాలి:

సీహెచ్₃–సీహెచ్(ఓహెచ్)–సీహెచ్₂–సీహెచ్‌ఓ

పెన్సిల్ అంకెలు వేయమని సతాయించేది ఇందుకే.

ఎస్టర్ల దగ్గర ఇంకో రకం తికమక. పేరులో రెండు మాటలుంటాయి. మొదటి మాట ఆల్కహాల్ వైపుది, రెండోది ఆమ్లం వైపుది. మనం ఫార్ములా రాసేటప్పుడు మామూలుగా ఆమ్లం ముందు రాస్తాం, కాబట్టి పేరులో వరస తిరగబడుతుంది. మిథైల్ ప్రొపనోయేట్ సీహెచ్₃–సీహెచ్₂–సీఓఓ–సీహెచ్₃. ప్రొపైల్ మిథనోయేట్ హెచ్–సీఓఓ–సీహెచ్₂–సీహెచ్₂–సీహెచ్₃. రెండిటి అణు ఫార్ములా ఒకటే, పదార్థాలు మాత్రం వేరు. "ఓయేట్" అన్న ముక్క మీద వేలు పెట్టి, ముందు దాన్ని రాసి, తర్వాత మొదటి మాటని ఆక్సిజన్‌కి తగిలించండి. పండిన అరటిపండు వాసన ఇచ్చే ఎస్టర్ 3-మిథైల్‌బ్యూటైల్ ఇథనోయేట్ ఇలా వస్తుంది:

సీహెచ్₃–సీఓఓ–సీహెచ్₂–సీహెచ్₂–సీహెచ్(సీహెచ్₃)₂

బ్యూటైల్‌లో 3 ఎక్కడ? కొమ్మకి అంకెలు అది తగులుకున్న చోటి నుంచి మొదలవుతాయి. ఆక్సిజన్‌ని పట్టుకున్నది 1, దాని తర్వాత 2, మిథైల్ ఉన్నది 3. ఆ కొసన ఇద్దరు సీహెచ్₃లు కలిసి బ్రాకెట్లో రెండుగా కూర్చున్నారు.

ఈథర్లు తేలిక. మిథాక్సీఈథేన్ సీహెచ్₃–ఓ–సీహెచ్₂–సీహెచ్₃, అయిపోయింది. అమైన్లలో పేరు ముందు అంకెకి బదులు ఎన్ అని ఉంటే ఆ కొమ్మ కార్బన్ మీద కాదు, నత్రజని మీద ఉందని. ఎన్,ఎన్-డైమిథైల్‌మిథనమీన్ అని భయపెట్టే పేరున్నది (సీహెచ్₃)₃ఎన్. నిలవున్న చేపల నీచు వాసన అదే. నత్రజనికి చేతులు మూడేనని గుర్తుంటే దీనిలో ఇంకేమీ కష్టం లేదు.

బ్రాకెట్ల విషయంలో కాస్త ఆగాలి. కుదించిన ఫార్ములాలో బ్రాకెట్ రెండు పనులు చేస్తుంది, పిల్లలకి ఎవరూ విడదీసి చెప్పరు. సీహెచ్₃–(సీహెచ్₂)₄–సీహెచ్₃ అంటే నాలుగు సీహెచ్₂లు ఒకదాని వెనక ఒకటి గొలుసులోనే ఉన్నాయి, ఇది హెక్సేన్. సీ(సీహెచ్₃)₄ అంటే నాలుగు సీహెచ్₃లూ ఒకే కార్బన్‌కి చుట్టూ తగులుకున్నాయి, ఇది 2,2-డైమిథైల్‌ప్రొపేన్. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? లోపలున్నదానికి ఎన్ని చేతులు ఖాళీయో చూడండి. సీహెచ్₂కి రెండు ఖాళీ, అటూ ఇటూ పట్టుకోగలదు, గొలుసు సాగుతుంది. సీహెచ్₃కి, ఓహెచ్‌కి ఒక్కటే ఖాళీ, అక్కడితో ఆగిపోతాయి, కొమ్మ. బ్రాకెట్ ఫార్ములా మొదట్లోనే ఉంటే, అంటే (సీహెచ్₃)₂సీహెచ్– లాంటిదైతే, అది తన తర్వాత వచ్చే కార్బన్‌కి చెందుతుంది. మిగతా చోట్ల తన ముందున్న కార్బన్‌కి.

పొడుగు గొలుసులన్నీ సీహెచ్₂ బ్రాకెట్ మీదే బతుకుతాయి. దీనికి మన నూనెలకి మించిన అభ్యాసం లేదు. పామాయిల్లో ఉండే పామిటిక్ ఆమ్లం హెక్సాడెకనోయిక్. పదహారులోంచి కొసన సీహెచ్₃ ఒకటి, సీఓఓహెచ్ ఒకటి తీసేస్తే పద్నాలుగు:

సీహెచ్₃–(సీహెచ్₂)₁₄–సీఓఓహెచ్

పదహారు చూసి బ్రాకెట్ కింద 16 వేయకండి. ఇక వేరుశెనగ నూనెలో బాగా ఉండే ఓలియిక్ ఆమ్లం, ఆక్టాడెక్-9-ఈనోయిక్. సీఓఓహెచ్ ఒకటో కార్బన్. 9 దగ్గర ద్విబంధం మొదలవుతుంది కాబట్టి మధ్యలో 2 నుంచి 8 దాకా ఏడు సీహెచ్₂లు. 9, 10 రెండూ సీహెచ్‌లు. ఆపైన 11 నుంచి 17 దాకా మళ్లీ ఏడు. కొసన 18వది.

సీహెచ్₃–(సీహెచ్₂)₇–సీహెచ్=సీహెచ్–(సీహెచ్₂)₇–సీఓఓహెచ్

మా పాలమూరు వైపు ఆముదం పంట ఎక్కువగా ఉండేది, అందుకని నా పిల్లలకి ఆముదం తప్పకుండా ఇచ్చేదాన్ని. ఆముదంలో ఎక్కువ భాగం రిసినోలియిక్ ఆమ్లానిదే, పేరు 12-హైడ్రాక్సీఆక్టాడెక్-9-ఈనోయిక్ ఆమ్లం. ఓలియిక్ రాయడం వస్తే ఇది చిటికెలో పని: 11 సీహెచ్₂, 12 మీద ఓహెచ్, 13 నుంచి 17 దాకా అయిదు సీహెచ్₂లు, 18 సీహెచ్₃.

సీహెచ్₃–(సీహెచ్₂)₅–సీహెచ్(ఓహెచ్)–సీహెచ్₂–సీహెచ్=సీహెచ్–(సీహెచ్₂)₇–సీఓఓహెచ్

ఒక్కటి మాత్రం ఈ వరస చెప్పలేదు. ఈ రెండు ఆమ్లాల్లోనూ ద్విబంధం సిస్ రకం, అంటే గొలుసు రెండు ముక్కలూ ద్విబంధానికి ఒకే వైపు ఉంటాయి (ఎదురెదురు వైపులైతే ట్రాన్స్), గొలుసు అక్కడ వంగి ఉంటుంది. కుదించిన ఫార్ములాలో వంపు కనబడదు. పేరులో సిస్, ట్రాన్స్ ఉంటే పక్కన మాటల్లో రాయాలి, లేదా బొమ్మ వేయాలి.

ఐసో, టెర్షియరీ లాంటి పాత పేర్లు ఇంకా ప్రశ్నల్లో వస్తూనే ఉంటాయి. నాలుగు నేర్చుకుంటే సరిపోతుంది. ఐసోప్రొపైల్ –సీహెచ్(సీహెచ్₃)₂. ఐసోబ్యూటైల్ –సీహెచ్₂–సీహెచ్(సీహెచ్₃)₂. సెకండరీ బ్యూటైల్ –సీహెచ్(సీహెచ్₃)–సీహెచ్₂–సీహెచ్₃. టెర్షియరీ బ్యూటైల్ –సీ(సీహెచ్₃)₃. ఐసోఆక్టేన్ అని పెట్రోల్ బంకు భాషలో వినిపించేది 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్. ఆక్టేన్ సంఖ్యకి దాన్నే 100గా పెట్టుకుని కొలుస్తారు:

(సీహెచ్₃)₃సీ–సీహెచ్₂–సీహెచ్(సీహెచ్₃)₂

వలయాలు ఈ పద్ధతికి అంతగా లొంగవు. బెంజీన్ వలయం ఒక కొమ్మగా ఉంటే సీ₆హెచ్₅– అని రాసి ముందుకెళ్లండి. సీ₆హెచ్₅–ఓహెచ్ ఫినాల్, సీ₆హెచ్₅–సీహెచ్₂–ఓహెచ్ ఫినైల్‌మిథనోల్, అది ఫినాల్ కాదు. వలయం మీద రెండు మూడు చోట్ల తగిలింపులుంటే బొమ్మే వేయండి. ఒక వరసలో ఇరికించాలని మొండిపట్టు పట్టడం దండగ.

రాసేశాక సరి చూసుకోవడం ఎలా? హైడ్రోజన్లు లెక్కపెట్టండి. కార్బన్ల సంఖ్యని రెట్టింపు చేసి రెండు కలపండి. ఒక్కో ద్విబంధానికి (సీ=ఓ కూడా ద్విబంధమే), ఒక్కో వలయానికి రెండేసి తీసేయండి, త్రిబంధానికి నాలుగు. నత్రజని ఎన్ని ఉంటే అన్ని కలపండి. క్లోరిన్, బ్రోమిన్ లాంటివి ఉంటే వాటి సంఖ్య తీసేయండి. ఆక్సిజన్, గంధకం లెక్కకి అడ్డురావు. ఆముదం ఆమ్లానికి చూద్దాం: పద్దెనిమిది రెండ్లు ముప్పై ఆరు, రెండు కలిపితే ముప్పై ఎనిమిది, సీ=సీకి రెండు, సీఓఓహెచ్‌లోని సీ=ఓకి రెండు పోతే 34. ఫార్ములాలో ఎడమ నుంచి లెక్కిస్తే 3, 10, 1, 1, 2, 1, 1, 14, 1. మొత్తం 34. కలిసిందంటే హైడ్రోజన్లు సరిగ్గా పడ్డట్టే. కొమ్మ తప్పు కార్బన్ మీద పెట్టి ఉంటే మాత్రం ఈ లెక్క పట్టుకోలేదు, దానికి పెన్సిల్ అంకెలే దిక్కు.

అప్పుడప్పుడు పేరే తప్పుగా ఇస్తారు, కావాలని. 2-ఇథైల్‌బ్యూటేన్ అని ఇచ్చి సరైన పేరు రాయమంటారు. కంగారు పడకుండా ఇచ్చిన పేరుకే ఫార్ములా రాయండి: సీహెచ్₃–సీహెచ్(సీహెచ్₂సీహెచ్₃)–సీహెచ్₂–సీహెచ్₃. ఇప్పుడు బ్రాకెట్లోంచి మొదలుపెట్టి గొలుసు నడవండి, అయిదు కార్బన్లొస్తాయి. అది 3-మిథైల్‌పెంటేన్.

ఇక గుంటూరు మిరపకాయ. దాని కారానికి కారణమైన కాప్సైసిన్ పేరు (ద్విబంధం ట్రాన్స్ రకమన్న ముక్క వదిలేసి): ఎన్-[(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)మిథైల్]-8-మిథైల్‌నాన్-6-ఈనమైడ్. తోక అమైడ్, ఒకటో కార్బన్ సీఓ, దాని పక్కన నత్రజని. నాన్, తొమ్మిది. 6 దగ్గర ద్విబంధం, 8 మీద మిథైల్. సీఓ తర్వాత 2 నుంచి 5 దాకా నాలుగు సీహెచ్₂లు. ముందున్న ఎన్ చెప్పేదేమిటంటే పెద్ద బ్రాకెట్లోని కొమ్మ మొత్తం నత్రజని మీద ఉందని. ఆ కొమ్మ మిథైల్, అంటే ఒక సీహెచ్₂. దాని కొసన వలయం.

(హెచ్ఓ)(సీహెచ్₃ఓ)సీ₆హెచ్₃–సీహెచ్₂–ఎన్‌హెచ్–సీఓ–(సీహెచ్₂)₄–సీహెచ్=సీహెచ్–సీహెచ్(సీహెచ్₃)₂

వలయం మీద ఓహెచ్ 4లో, మిథాక్సీ 3లో ఉన్నాయన్న సంగతి ఈ వరసలో పోయింది. పక్కన చిన్న బొమ్మ వేయక తప్పదు. మిగతాదంతా ఉంది.

ఇప్పుడు మీ వంతు. ఫార్ములాలు ఇవ్వను, హైడ్రోజన్ల సంఖ్య మాత్రం ఇస్తాను, సరి చూసుకోండి. 2,3-డైమిథైల్‌బ్యూటేన్, 14. 4-మిథైల్‌పెంట్-2-ఐన్, 10. 3-మిథైల్‌బ్యూటాన్-2-ఓన్, 10. ప్రొపైల్ బ్యూటనోయేట్, 14. 2-అమైనో-3-మిథైల్‌బ్యూటనోయిక్ ఆమ్లం, 11. ఇది మన పప్పులోని ప్రోటీన్‌లో ఉండే వాలీన్. ఆక్టాడెకా-9,12-డైఈనోయిక్ ఆమ్లం, 32, పొద్దుతిరుగుడు నూనెలోది. కాప్సైసిన్‌కి 27 రావాలి, వలయంలోని మూడు ద్విబంధాలకీ వలయానికీ కలిపి ఎనిమిది తీసేయడం మరవకండి.